మీరు ముందు వెళ్ళండి

సంచి ఆయనే సర్దుకున్నారు. నేను సర్దితే అంచులు కలవవని ఆయన గోల. నలభై రెండేళ్ళు పుస్తకాలు బైండు చేసిన మనిషికి తువ్వాలు మడిచినా నాలుగు మూలలూ ఒక్క చోటికి రావాలి. రెండు జతల బట్టలు, దుప్పటి, తువ్వాలు, పళ్ళ బ్రష్షు, కళ్ళజోడు పెట్టె, మాత్రల డబ్బా, ఎక్స్‌రే కవరు, మా వీధి డాక్టరు పెద్దాసుపత్రికి రాసిచ్చిన ఉత్తరం, బట్టల మధ్య నలగకుండా పరిశుద్ధ గ్రంథం, పక్కన మంచినీళ్ళ సీసా. ఒక్కొక్కటీ లోపల పెడుతూ దాని పేరు పైకి చెప్పారు. నేను మంచం అంచున కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదకొండు.

పేర్లు పైకి చెప్పేది నా కోసమే. ఎవరైనా సంచి సర్దుతుంటే అందులో ఏమేం పెట్టారో చూడకుండా ఉండలేను. నా ఏడో ఏట మా అమ్మ, జబ్బు పడిన చెల్లెలికి సాయం చేసి పది రోజుల్లో వస్తానని సంచి సర్దుకుని వెళ్ళింది. రెండు నెలలకి ముక్కూ మొహం తెలియని మనిషెవరో ఆ సంచి ఒక్కటే తెచ్చి గుమ్మంలో పెట్టాడు. అందులో ఏం తగ్గిందో ఏం మిగిలిందో చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. అమ్మ సర్దుకునేటప్పుడు నేను చూడలేదు. పెళ్ళైన కొత్తలో ఆయనకి ఈ సంగతి చెబితే నవ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఊరెళ్ళినా నన్ను కూర్చోబెట్టి నా ముందే సర్దుకునేవారు.

"డాక్టరు మంచం రాస్తే నాలుగు రోజులు ఉంటాను. రాయకపోతే రేపు సాయంత్రం బస్సుకి వచ్చేస్తాం," అన్నారు సంచి జిప్పు లాగుతూ. అంత చిన్న పనికే ఆయనకి ఆయాసం వచ్చింది. కాసేపు సంచి మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు, ప్రార్థన చేస్తున్నట్టు. చేస్తున్నారో, ఊపిరి తీసుకుంటున్నారో నాకు తెలియలేదు. అయిదు నెలలుగా ఆ రెండింటికీ తేడా తెలియడం కష్టంగానే ఉంది.

మా ముందు గదే ఆయన పనిచోటు. గోడ పక్కన ఇనప ప్రెస్సు, దానిమీద చక్రం లాంటి మర. అందులో మా చర్చి సంఘం పాటల పుస్తకాలు నలభై ఉన్నాయి. పాత కుట్లు విప్పి, కొత్తగా కుట్టి, ఆ ఉదయమే అట్టలకి జిగురు రాసి లోపల పెట్టారు. బయలుదేరే ముందు మర ఇంకో చుట్టు బిగించబోయారు, చేత కాలేదు. నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి బిగించాం.

"నేను వచ్చేదాకా విప్పకు. మధ్యలో తీసి చూస్తే అట్ట వంకర పోతుంది."

ఆ మాట నాకు కొత్త కాదు. నేను ఆయన ఇంటికి వచ్చినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. ఆయన అచ్చైన పెద్ద కాగితాలు, ఫారాలంటారు వాటిని, ఇంటికి తెచ్చి నా చేత మడత పెట్టించేవారు. ఒక్కో ఫారం మీద పదహారు పేజీలు, సగం తలకిందులుగా ఉంటాయి. ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ. మడతలు పెడుతూ ఇదేం అక్షరం, ఇదేం అక్షరం అని ఆయన్ని పీక్కుతింటూ చదవడం నేర్చుకున్నాను. అందుకే నాకు ఈనాటికీ పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా చదవడం వస్తుంది. ఆ రోజుల్లో ఒక వాక్యం పేజీ చివర తెగిపోతే మిగతాది ఫారంలో ఎక్కడో మూలన ఉండేది. నేను ఆత్రపడి వెతుక్కునేదాన్ని. "మడత పడనీ, అదే పక్కకి వస్తుంది," అనేవారు. మనిషి తీరే అది. ఎవరు తొందరపెట్టినా ఆయన చెవిన పడేది కాదు.

అంతకు ముందు ఆదివారం పాస్టరుగారు ఓర్పు గురించి వాక్యం చెప్పారు. చెబుతూ చెబుతూ మా వరుస వైపు చెయ్యి చూపించారు. అయిదు నెలలుగా గుండెలో నొప్పితో ఉండి కూడా ఈ పెద్దాయన ఒక్క ఆదివారం మానలేదు, నాకే ఎందుకిలా అని ఒక్క మాట అనలేదు, క్రైస్తవుడి ఓర్పు చూడాలనుకుంటే దూరం వెళ్ళక్కర్లేదు అన్నారు. అందరూ తలలు తిప్పి చూశారు. ఆయన సిగ్గుతో పాటల పుస్తకం వెన్ను సరిచేస్తూ కూర్చున్నారు. నేను మాత్రం తల ఎత్తుకునే కూర్చున్నాను. అబద్ధం ఎందుకు, ఆ రోజు ఇంటికి వస్తుంటే నా నడకే మారింది.

సోమవారం మధ్యాహ్నం రెండు గంటల బస్సుకి బయలుదేరాం. పెద్దాసుపత్రి ఉన్న ఊరు రెండున్నర గంటల దూరం. ఆసుపత్రికి రెండు వీధుల అవతల మా వదిన, అంటే ఆయన అక్క, ఒక్కతే ఉంటుంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఇంట్లో మాట్లాడినా వెనక సీటు దాకా వినపడేటట్టు మాట్లాడుతుంది. ఆవిడా మా సంఘంలో పుట్టి పెరిగిన మనిషే. కానీ ఆవిడ భక్తి వేరు. "దేవుడు నాకు మోకాళ్ళూ ఇచ్చాడు, మోచేతులూ ఇచ్చాడు. రెండూ వాడతాను," అంటుంది.

ఆ ఆసుపత్రి పద్ధతి ఆ రాత్రి అన్నాల దగ్గర ఆవిడే చెప్పింది. గుండె డాక్టరు మంగళవారం, శుక్రవారం మాత్రమే కూర్చుంటాడు. ఉదయం ఆరింటికి కిటికీ దగ్గర ఓపీ చీటీలు ఇస్తారు, నలభై. నంబరు పిలుస్తారు. రెండుసార్లు పిలిచినా లేవకపోతే తర్వాతివాళ్ళు వెళ్ళిపోతారు. మంచం రాయాలంటే ఆ డాక్టరే రాయాలి, ఇంకెవరికీ అధికారం లేదు. తనూ వస్తానంది గానీ, ఆయన వద్దన్నారు. అక్క వస్తే ఆసుపత్రిలో గొడవ అవుతుందని ఆయన భయం.

మంగళవారం మాకు పన్నెండో నంబరు చీటీ దొరికింది. అంటే పదిన్నరలోపు పిలుస్తారు. నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ వరండా నాకు ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. నాలుగేసి కలిపి బిగించిన ఇనప కుర్చీలు. భుజాల ఎత్తు దాకా ఆకుపచ్చ రంగు వేసిన గోడ. కూర్చున్నవాళ్ళ తలలు ఆని ఆని ఆ రంగు మీద నల్లటి మరకలు వరసగా ఉన్నాయి. డాక్టరు గది తలుపు దగ్గర చెవి మీద పెన్సిలు పెట్టుకున్న ఒక మనిషి తల ఎత్తకుండా నంబర్లు పిలుస్తుంటాడు. అందరూ అతన్ని చీటీలాయన అంటారు. జనం తమలో తాము చీటీలు మార్చుకున్నా అతనికి పట్టదు. "నాకు నంబరుతో పని, మనిషితో కాదు," అన్నాడు ఎవరో అడిగితే.

తొమ్మిదిన్నరకి ఒకావిడ నాలుగేళ్ళ పాపని భుజాన వేసుకుని వచ్చింది. పాప పెదవులు నీలంగా ఉన్నాయి. వాళ్ళది ఇరవై ఏడో నంబరు. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు, పాప వీపు నిమురుతూ నిలబడింది. ఆయన నా వైపు చూశారు.

"ఇచ్చేయండి," అన్నాను నేనే.

ఆయన లేచి మా చీటీ ఆవిడ చేతిలో పెట్టి, ఆవిడది తీసుకుని, "మీరు ముందు వెళ్ళండి, అమ్మా," అన్నారు. ఆవిడ చీటీ చూసి, ఆయన్ని చూసి, ఏడుపు ఆపుకుంటూ దణ్ణం పెట్టింది. ఆ చీటీ విషయంలో నాకు ఈనాటికీ బాధ లేదు.

రెండోది ఒక గోడల పెయింటరు. గోళ్ళ నిండా తెల్ల రంగు. తనకి ముప్ఫై మూడు వచ్చిందని, మధ్యాహ్నానికల్లా పనిలో ఉండకపోతే మేస్త్రీ ఇంకొకడిని పెట్టుకుంటాడని పక్కవాడితో గోడు వెళ్ళబోసుకుంటున్నాడు. ఆయన చెవిన పడింది. ఈసారి నా వైపు చూడలేదు. "మీరు ముందు వెళ్ళండి, బాబూ." పక్కన కూర్చున్నావిడ నా చెయ్యి తట్టి, ఎంత మంచాయనమ్మా మీ ఆయన అంది. నేను నవ్వాను. నాకు ఆదివారం గుర్తొచ్చింది. ముప్ఫై మూడైనా పన్నెండున్నరకల్లా వస్తుందిలే అనుకున్నాను.

మూడోది నా వయసు ముసలావిడ. ఆవిడకి పెద్ద జబ్బేమీ లేదు, పాత మందులే మళ్ళీ రాయించుకోవడానికి వచ్చింది. ఆ మాట ఆవిడే అంది. కానీ ఇనప కుర్చీలో నడుం పట్టేసిందట, ఫ్యాను గాలి తగలట్లేదట, ముప్ఫై తొమ్మిదో నంబరిచ్చి తనని చంపేస్తున్నారట. గంట సేపు అందరి చెవుల్లోనూ ఇల్లు కట్టుకుని పోరింది. ఎవరూ కదల్లేదు. చివరికి ఆయన లేవడం చూశాను.

నా గొంతులో మాట ఉంది. ఇవ్వకండి అని. ఆ ఒక్క మాట కూడా అక్కర్లేదు, చొక్కా పట్టుకుని కూర్చోబెడితే చాలు. కానీ పక్కావిడ మా వైపే చూస్తోంది. వరసంతా మా వైపే చూస్తోంది. ఈ మంచాయన పెళ్ళాం ఇలాంటిదా అనుకుంటారేమోనని నా చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. ఆయన వెళ్ళి, "మీరు ముందు వెళ్ళండి," అని వచ్చి కూర్చున్నారు. ముసలావిడ ముప్ఫై మూడో చీటీ తీసుకుని, ఇంతసేపు ఎందుకు ఇవ్వలేదన్నట్టు చూసింది.

పన్నెండూ నలభైకి ముప్ఫై నాలుగో మనిషి బయటికి వచ్చాడు. వెనకాలే డాక్టరు కూడా వచ్చాడు, దాదాపు పరుగున. ఎవరికో ఆపరేషనట. ఇక రాడట. తలుపు మూశారు.

నేను చీటీలాయన దగ్గరికి వెళ్ళి ఈ చీటీ శుక్రవారం పనికొస్తుందా అని అడిగాను.

"ఏ రోజు చీటీ ఆ రోజుకేనమ్మా," అన్నాడు తల ఎత్తకుండా.

వదిన ఇంటికి ఆ రెండు వీధులూ నడవడానికి ముప్పావు గంట పట్టింది. ప్రతి దీపస్తంభం దగ్గరా ఆయన ఆగి దాన్ని పట్టుకుని నిలబడ్డారు. మూడో స్తంభం దగ్గర నా మొహం చూసి, "వీటిని ఎవరు పాతారో గానీ, సరిగ్గా నాకు కావలసినంత దూరంలో పాతారు," అన్నారు. నాకు నవ్వు రాలేదు.

జరిగింది విని వదిన ముందు తమ్ముణ్ణి దిండుకి ఆనించి కూర్చోబెట్టింది. తర్వాత మొదలుపెట్టింది.

"తమ్ముడూ, నువ్వు పరలోకం గుమ్మం దగ్గర కూడా మీరు ముందు వెళ్ళండి, మీరు ముందు వెళ్ళండి అంటూ నిలబడతావు. లోపల తలుపులు వేసేస్తారు చూసుకో."

"అక్కడ తలుపులు వేయరటలే, అక్కా."

"నీతో నాకు మాటలేంటి." నా వైపు తిరిగింది. "నువ్వైనా నోరు విప్పొద్దా? నీకు నాలుక ఉందా, లేక అదీ ఎవరికైనా ఇచ్చేసి వచ్చావా?"

నేను నాలుక ఉన్నట్టు రుజువేమీ చూపించలేదు.

బుధవారం ఆయన పెదవులకి కూడా కొంచెం నీలం వచ్చింది. వదిన ఆటో పిలిచి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. ఆవిడ గొంతుకి ఆసుపత్రి సగం పరిగెత్తుకొచ్చింది. కుర్ర డాక్టరొకడు నాడి చూసి, నాలుక కింద మాత్ర పెట్టి, గంట సేపు పడుకోబెట్టాడు. తనకి ఇంతవరకే అధికారమని, వార్డులో మంచాలు లేవని, పెద్ద డాక్టరు చూసి రాస్తే తప్ప చేర్చుకోరని, శుక్రవారం తప్పకుండా రమ్మని చెప్పాడు. మంచివాడే. చెబుతున్నప్పుడు నేల చూశాడు. వదిన ఇంకో గంట అరిచింది. మంచం రాలేదు. నేను ఫోన్లో పాస్టరుగారికి చెప్పాను. సంఘమంతా ప్రార్థనలో ఉన్నాం, ఓర్చుకోండమ్మా అన్నారు. ఓర్చుకోక చేసేదేముంది. ఎవరి మంచం లాగేసి మా ఆయన్ని పడుకోబెట్టను?

ఆ రెండు రోజులూ నేను చేసిన పనేమిటంటే సంచిలో వస్తువులు లెక్కపెట్టడం. వాడినవి వాడినట్టు మళ్ళీ సంచిలో పెట్టేసేదాన్ని. పదకొండు. గంటకోసారి పదకొండు. వదిన చూసి, అవేమన్నా గుడ్లు పెడతాయా అంది.

గురువారం సాయంత్రం ఆయన కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. పడుకుంటే ఊపిరి ఆడట్లేదు. చేతిలో ఎముక బద్ద ఉంది. ఫారాల మడతలు నొక్కడానికి వాడే బెత్తెడు బద్ద అది, జేబులో లేకుండా ఇల్లు కదలరు. వదిన ఇంట్లో దొరికిన పాత కేలండరు కాగితాలన్నీ మడతలు పెట్టి నొక్కుతున్నారు. వదిన మందుల షాపుకి వెళ్ళింది. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం.

రెండు రోజులుగా నాలో నలుగుతున్న మాట అప్పుడు అడిగాను.

"మూడోసారి ఎందుకిచ్చారు?"

బద్ద ఆగింది.

"భయమేసింది," అన్నారు.

"దేనికి?"

"లోపలికి వెళ్తే ఆయనేం చెప్తాడోనని. బయట కూర్చున్నంతసేపూ నాకేం తెలియదు కదా. పాపకి ఇచ్చింది పాప కోసమే. రెండోది సగం సగం. మూడోది మాత్రం…" ఆగి ఊపిరి తీసుకున్నారు. "ఆ ముసలావిడ అడగకపోతే నేనే ఇంకొకరిని వెతుక్కునేవాణ్ణి. అందరూ ఓర్పు అనుకున్నారు. నువ్వూ అనుకున్నావు. నాకూ అలా అనుకుంటే బాగానే ఉంది."

నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి నోట భయం అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. ఆయన కాళ్ళ మీద దుప్పటి సరిచేశాను. నేను కూడా నోరు మూసుకున్నది ఓర్పుతో కాదని, పక్కావిడ మెచ్చుకోలు పోతుందని మూసుకున్నానని అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆయన తప్పు ఆయన ఒప్పుకుంటుంటే నాది నేను దుప్పటి కింద దాచుకున్నాను.

"రేపు ఎవరడిగినా ఇవ్వను. మాటిస్తున్నాను," అన్నారు.

తర్వాత ప్రార్థన చేశారు. ఎప్పుడూ పాస్టరుగారంత పొడుగు ప్రార్థన చేసే మనిషి ఆ రోజు ఒక్క ముక్కే అన్నారు. "రేపు నా నంబరు పిలిచినప్పుడు నన్ను లేపు, ప్రభువా." నేను ఆమేన్ అన్నాను.

శుక్రవారం తెల్లవారకముందే వదిన వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి మూడో నంబరు చీటీ తెచ్చింది. ముందు ఇద్దరూ అక్కడే దుప్పట్లు పరుచుకుని పడుకున్నవాళ్ళట, లేకపోతే ఒకటో నంబరే తెచ్చేదాన్నంది. చీటీ తమ్ముడి చేతిలో పెట్టి, వేళ్ళు ముడిచి, పైన తన చెయ్యి బిగించింది. "ఇది నీది. పక్కన ప్రాణం పోతున్నా నీది."

"సరే, అక్కా."

అవే ఇనప కుర్చీలు. ఆయన గోడకి తల ఆనించి కూర్చున్నారు, ఒక నల్ల మరక మీద. ఒక చేతిలో చీటీ, ఒక చేతిలో బద్ద. తొమ్మిదింటికి డాక్టరు వచ్చాడు. ఒకటో నంబరు లోపలికి వెళ్ళింది. వదిన ముగ్గురికీ టీ తెస్తానని కిందికి దిగింది. ఆయన మంచినీళ్ళు అడిగారు. సీసా ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, నాకిచ్చి, "కాస్త కళ్ళు మూసుకుంటాను. పిలిస్తే చెప్పు," అన్నారు. రెండో నంబరు లోపలికి వెళ్ళింది. నేను తలుపు వైపే చూస్తున్నాను. ఆ తలుపు మళ్ళీ మూసుకుపోతుందేమోనని నా భయమంతా. పక్కకి చూడలేదు.

రెండో మనిషి బయటికి వచ్చాడు.

"మూడు," అన్నాడు చీటీలాయన.

ఆయన లేవలేదు. మోచేత్తో పొడిచాను. లేవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ అదే, మళ్ళీ భయపడుతున్నారు అనుకున్నాను.

"మూడో నంబరు."

నాలుగో నంబరతను సగం లేచి, "పెద్దాయన లేవట్లేదు, నేను వెళ్ళనా, పెద్దమ్మా?" అని అడిగాడు. చీటీలాయన మొదటిసారి తల ఎత్తి చూశాడు. మంగళవారం సంగతి అతనికి గుర్తుంది. "ఏం తాతా, ఇవాళ కూడా దానమేనా?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

నేను ఆయన వైపు వంగి, పళ్ళ బిగువున, ఆయనకి మాత్రమే వినపడేటట్టు అన్నాను. పెళ్ళైనప్పటి నుంచి ఆయన్ని నేను అనని మాటలు. "నాకు మాటిచ్చారు. మీ మంచితనం ఇక నాకొద్దు. పిరికివాడిలా కూర్చోకండి. లేవండి."

భుజం పట్టుకుని కుదిపాను. బద్ద చేతిలోంచి జారి నేల మీద పడింది. తల గోడ మీద నుంచి నా వైపు ఒరిగింది. చీటీ మాత్రం వేళ్ళ మధ్యనే ఉంది, నాలుగు మూలలూ కలిపి మడిచి.

అప్పుడు డాక్టరే బయటికి వచ్చాడు. మంగళవారం నుంచి మేము ఎవరికోసం కాచుకుని ఉన్నామో ఆ మనిషి మా కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఛాతీ మీద రెండు చేతులతో నొక్కాడు. నర్సులు వచ్చారు. నేల మీద పడుకోబెట్టారు. వరసలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కొంతసేపటికి డాక్టరు చెయ్యి తీసేసి, ఈయన ఇక్కడ ఎంతసేపటి నుంచి కూర్చున్నారు అని అడిగాడు. మంగళవారం నుంచి అన్నాను. డాక్టరు అడిగింది ఆ ఉదయం సంగతని తర్వాత తెలిసింది.

వదిన మూడు గ్లాసుల టీతో మెట్లెక్కి వచ్చింది. చూసింది. నేను చెవులు మూసుకోబోయాను, ఆవిడ అరుస్తుందని. ఆవిడ అరవలేదు. తమ్ముడి పక్కన నేల మీద కూర్చుని, మూడు గ్లాసులూ ఒలకకుండా వరసగా కింద పెట్టింది.

ఆ ఊళ్ళోనే, సంఘం స్థలంలో శనివారం సమాధి చేశారు. మా పాస్టరుగారు వచ్చి వాక్యం చెప్పారు. చివరి ఊపిరి దాకా ఓర్పు విడవని మనిషి అన్నారు. నాకు లేచి చెప్పాలనిపించింది, ఆయన భయపడ్డారండీ, ఆ భయాన్ని ఒప్పుకున్నారండీ, అది ఇంకా కష్టమండీ అని. జనం చాలామంది ఉన్నారు. మళ్ళీ చెప్పలేదు. పది రోజులకి పాస్టరుగారి గదికి వెళ్ళి ఒక్కరికే అంతా చెప్పాను, చివరికి నేనన్న మాటలతో సహా. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నాకు తెలియదమ్మా," అన్నారు. ఏదో ఒక వాక్యం తీసి నా మొహాన పెట్టనందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది గానీ, తేలిక మాత్రం కాలేదు.

నేనన్న మాటలు మా ఆయన విన్నారా లేదా అన్నది ఒక్కటే నాకు కావాలి. వదినని అడిగాను. "వినుంటే నవ్వుకుని ఉంటాడు," అంది. "వినకపోతే ఏ గొడవా లేదు." ఆవిడకి రెండు వైపులా దారి ఉంది. నాకు ఏ వైపూ లేదు. వినకుండా పోయారంటే, ఆయన పోయేటప్పుడు నేను పక్కనే ఉండి తలుపు వైపు చూస్తున్నానన్నమాట. విని పోయారంటే, ఆ మాటలు విని పోయారన్నమాట.

సంచి నాతోనే ఇంటికి వచ్చింది. పది వస్తువులున్నాయి. మంచినీళ్ళ సీసా ఆ కుర్చీ కింద ఉండిపోయింది.

ప్రెస్సు నేను విప్పలేదు. తను వచ్చేదాకా విప్పొద్దన్నారు. నెల రోజులు సంఘం పుస్తకాలు లేకుండానే పాడింది, ఎవరూ నన్ను అడగలేదు. చివరికి వదిన వచ్చి, రెండు చేతులతో మర పట్టుకుని, నా వైపు చూడకుండా తిప్పేసింది. నలభై పుస్తకాలూ బయటికి తీసి బల్ల మీద పేర్చింది. ఒక్క అట్ట కూడా వంకర పోలేదు.

ఇప్పుడు ఆదివారాలు వెళ్తాను. అదే వరసలో కూర్చుంటాను. ఎవరైనా నాతో ఓర్చుకోమ్మా అంటే, ఓర్చుకుంటున్నానంటాను. రాత్రి పడుకునే ముందు నాకంటూ వేరే ప్రార్థన రావట్లేదు, గురువారం ఆయన చేసిందే చేస్తాను. ఆయన నంబరు పిలిచినప్పుడు ఆయన్ని లేపు, ప్రభువా. శుక్రవారం లేపలేదు. ఎప్పుడో లేపుతాడని నమ్ముతాను. నమ్మలేని రోజున కూడా ఆ మాటే అంటాను, ఇంకో మాట రాదు గనక.

ఆయన సోమవారం మధ్యాహ్నం రెండు గంటల బస్సుకి ఇల్లు వదిలారు. శుక్రవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి, అరవై ఎనిమిదో ఏట, మూడో నంబరు చీటీతో పోయారు. తిరిగి రాలేదు.